కరెంటు ఊరికి, కుంపటి వాడకా?



దేశంలో కొత్త అణు విద్యుత్ కేంద్రాలు కట్టి తీరాలంటున్నారు. ఒకటీ రెండూ కాదు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ తీస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2025లో ఉన్నది తొమ్మిది వేల మెగావాట్ల లోపే. అంటే ఇన్ని దశాబ్దాల్లో కట్టినదానికి పదింతలకు పైగా ఈ ఇరవై చిల్లర ఏళ్లలో కట్టాలి. అందుకోసం 2025 డిసెంబరులో పార్లమెంటులో కొత్త చట్టం చేశారు. ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్ తలుపులు తీశారు. ఆ చట్టానికి పెట్టిన పేరు 'శాంతి'.

ఈ మాట మనకు కొత్త కాదు. వాడ మీద దాడి జరిగాక, తలలు పగిలాక, కేసు వెనక్కి తీసుకోమని ఒత్తిడి పెట్టడానికి ఊరి పెద్దలు వేసే కమిటీని కూడా శాంతి కమిటీ అనే అంటారు. ఆ శాంతి ఎవరికో, ఆ రాజీ ఎవరి నెత్తినో మన తాతల కాలం నుంచీ చూస్తూనే ఉన్నాం. అందుకే పేరు చూసి మురిసిపోలేం, పేరు చూసి పారిపోనూలేం. లోపల ఏముందో చదవాలి.

మొన్నొక సాయంత్రం వాడలో అంబేడ్కర్ విగ్రహం అరుగు మీద కూర్చుని ఈ సంగతే మాట్లాడుతుంటే, నాట్లేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఒక పెద్దమ్మ నిలదీసింది. "అవన్నీ మాకేటి తెల్దు గానీ మేస్టారూ, అది వొస్తే మనకి మంచా, సెడ్డా? ఒక్క మాటలో సెప్పీండి."

ఒక్క మాటలో చెప్పలేకపోయాం. చదువుకున్నవాళ్లమై ఉండి చెప్పలేకపోయినందుకు సిగ్గుపడ్డాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

కరెంటు వద్దని మేం ఎప్పుడన్నాం?

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం కరెంటుకి వ్యతిరేకులం కాదు. ఊళ్లో రేడియోలు మోగిన ఎన్నో ఏళ్లకు గానీ వాడకి స్తంభం రాలేదు. మేం చదివింది కిరసనాయిలు బుడ్డి దగ్గర. ఆ మసి మా ముక్కుల్లో ఉంది, మా పుస్తకాల్లో ఉంది. బుడ్డి దీపంలో ఎంతో అందం ఉందనీ, పల్లె బతుకులో ఎంతో ప్రశాంతత ఉందనీ పట్నంలో ఫ్యాను కింద కూర్చుని రాసేవాళ్లకు మేం ఒకటే చెప్తాం: ఆ అందం మీరే ఉంచుకోండి. మర ఆడితేనే రోకటి పోటు తప్పింది. బోరు మోటారు తిరిగితేనే ఊరి బావి దగ్గర దోసిలి పట్టి నిలబడే గతి తప్పింది. మనకి కరెంటంటే వెలుగు ఒక్కటే కాదు, ఒకరి గడప దగ్గర చెయ్యి చాచకుండా బతకడం.

బాబాసాహెబ్‌కి ఇది మనకంటే ముందే తెలుసు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేవి. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు పుట్టింది ఆయన హయాంలోనే. 1943 అక్టోబరులో విద్యుత్ విధాన సంఘం ముందు ఆయన పెట్టిన వాదన సూటిగా ఉంటుంది. చవకైన కరెంటు దండిగా లేకపోతే పరిశ్రమ రాదు, పరిశ్రమ రాకపోతే భూమి మీద భారం తగ్గదు, ఆ భారం తగ్గకపోతే పేదరికం పోదు. భూమి లేని మనకు ఈ మాట విలువ వేరే చెప్పాలా?

కాబట్టి అణు విద్యుత్ అనగానే "వద్దు" అని జెండా ఎత్తడం మన పద్ధతి కాదు. సైన్సు అంతా వాళ్లదే, మనకెందుకని వదిలేయడమూ మన పద్ధతి కాదు. వదిలేస్తే ఎవడో చదువుతాడు, వాడి లెక్కే మన లెక్కవుతుంది.

వాళ్ల వాదనలో నిజమెంత?

కొత్త రియాక్టర్లు కావాలనేవాళ్ల వాదనలో నిజం ఉంది. ఎదుటివాడి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోకుండా తిట్టడం చేతగానివాడి పని.

మొదటిది బొగ్గు. ఈ దేశంలో నూటికి 70 పాళ్ల దాకా కరెంటు బొగ్గు కాలిస్తేనే వస్తోంది. అణు విద్యుత్ 3 పాళ్లే. ఆ బొగ్గు బూడిద ఎక్కడ పడుతోంది? థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కన ఎవరి ఇళ్లున్నాయో వెళ్లి చూడండి. ఆరేసిన బట్టల మీద బూడిద, అన్నం గిన్నెలో బూడిద, పిల్లల దగ్గులో బూడిద. ఓపెన్ కాస్టు గనుల కింద పోయిన ఊళ్లలో మనవీ, ఆదివాసులవీ ఎన్ని? రియాక్టరు నుంచి ఆ పొగ రాదు, ఆ బూడిద రాదు. ఒక కిలో యురేనియం ఇచ్చే వేడి ఒక కిలో బొగ్గు ఇచ్చేదానికి కొన్ని వేల రెట్లు. ఇది నిజం.

రెండోది ఎండ. 2025 జనవరి నాటికి దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. మంచిదే. కానీ సూర్యుడు సాయంత్రం దిగిపోతాడు. రియాక్టరు రాత్రీ పగలూ ఆడుతుంది. పైగా సోలార్ పార్కుకి వేల ఎకరాలు కావాలి. ఆ ఎకరాల్లో డి-పట్టా భూములు ఎన్నో, బీడని రాసేసిన మేత భూములు ఎన్నో చెప్పక్కర్లేదు. ఇంధనం మారినంత మాత్రాన పోయే భూమి ఎవరిదో మారడం లేదు.

మూడోది భయం. ప్రమాదాల గురించి మనవాళ్లు కొందరు చెప్పే కథలన్నీ నిజం కావు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కల్పాక్కంలో సముద్రపు నీరు పంపుహౌసులోకి వచ్చింది. ఆడుతున్న రియాక్టరుని సురక్షితంగా ఆపేశారు. అదీ నిజమే. కానీ అదే రోజు అదే తీరాన జాలరుల పల్లెల్లోనూ, ఉద్యోగుల టౌన్‌షిప్పులోనూ మనుషులు చచ్చిపోయారు. గోడ లోపలి యంత్రానికి ఉన్న కాపలా గోడ బయట మనిషికి లేదు. ఇక్కణ్ణుంచే మన ప్రశ్న మొదలవుతుంది.

వాళ్ల లెక్క దేశం మొత్తానికి సరిపోతుంది. దేశం మొత్తానికి సరిపోయే లెక్కలో వాడ ఎక్కడుందో వెతకడం మన పని.

గొలుసు ఎక్కడ మొదలవుతుంది?

అణు విద్యుత్ అంటే సముద్రం ఒడ్డున తెల్లటి గుమ్మటం బొమ్మ వేస్తారు. మేం బడిలో చెప్పే పాఠంలోనూ అదే బొమ్మ. కానీ అది గొలుసులో ఒక్క కొక్కెం. మిగతా కొక్కేలు మన తెలుగు నేల మీదే ఉన్నాయి.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడ తవ్విన ఖనిజాన్ని అక్కడే శుద్ధి చేసి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు. 1971లో పెట్టిన ఆ కర్మాగారంలోనే మన స్వదేశీ రియాక్టర్లకు ఇంధనం తయారవుతుంది. అదే రియాక్టర్లకు కావాల్సిన భారజలం తయారుచేసే కర్మాగారాల్లో ఒకటి మణుగూరులో 1991 నుంచి నడుస్తోంది. అది ఆడేది బొగ్గు ఆవిరితో. పొగ లేని కరెంటు వెనుక కూడా మణుగూరు బొగ్గు పొగ ఉందన్నమాట.

కరెంటు తయారయ్యాక తీగ మీద పట్నం పోతుంది. ఖనిజం కడిగిన మడ్డి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. తుమ్మలపల్లె పక్కన వ్యర్థాల చెరువులో ఉంటుంది. మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల రైతులు బోర్లలో నీళ్లు పాడైపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని మొత్తుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి ఆ చెరువు అడుగున సరైన పొర లేదన్న విషయమై నోటీసు ఇచ్చింది. తోట ఉన్న రైతు పరిహారం అడుగుతాడు, కోర్టుకి పోతాడు. ఆ తోటలో గెల కోసే కూలీ ఎవరిని అడగాలి? ఆయనకి తోట లేదు కాబట్టి నష్టం లేదు. నష్టం లేదు కాబట్టి ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు.

నల్లమలలో యురేనియం కోసం తవ్వుతామన్నప్పుడు చెంచులు, ఊళ్ల జనం, చదువుకున్నవాళ్లు కలిసి అడ్డం నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. నిలబడితే ఆగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

జనం తక్కువున్న చోటు

ఇక శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ. ఇక్కడ ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికా రియాక్టర్లు పెడతామన్నారు. దాని కోసం సుమారు రెండు వేల ఎకరాలు సేకరించారు. 2025 ముగిసేదాకా కాంక్రీటు పోయలేదు. కానీ ఏళ్ల తరబడి ఆ ఊళ్లలో ఇల్లు కట్టాలా వద్దా, పిల్లకి సంబంధం చూడాలా వద్దా అని జనం తేల్చుకోలేక నలిగిపోయారు. కట్టక ముందే ప్రాజెక్టు బతుకుని పట్టి ఆపేసింది.

ఈ రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మితివిర్ది దగ్గర పెడతామన్నవి. అక్కడ తోటలున్న రైతులు గట్టిగా ఎదిరించారు. 2016లో వాటిని తెచ్చి కొవ్వాడ ఖాతాలో వేశారు. అక్కడ వద్దన్నది ఇక్కడ ముద్దెట్లా అయింది? గుజరాత్ మట్టికి పనికిరాని సైన్సు సిక్కోలు ఇసకకి పనికొస్తుందా?

అంత సురక్షితమైతే రాజధాని పక్కనే కట్టొచ్చు కదా అని మనవాళ్లు అడుగుతుంటారు. జవాబు వాళ్ల నియమాల్లోనే ఉంది. అణు కేంద్రం చుట్టూ ఒక వలయంలో అసలు ఎవరూ ఉండకూడదు. ఆ బయట ఐదు కిలోమీటర్ల దాకా జనం సహజంగా పెరిగినదానికంటే ఎక్కువ పెరగకుండా చూడాలి. పదహారు కిలోమీటర్ల దాకా ప్రమాద సమయం ప్రణాళిక ఉండాలి. నియమాలు మంచివే. కానీ అర్థం చూడండి: జనం తక్కువున్న చోటే వెతకాలి. ఈ దేశంలో జనం తక్కువున్న చోటంటే గొంతు తక్కువున్న చోటు. ఇసక దిబ్బల మీద జాలర్లు, తీరం వెనక డి-పట్టాల మీద మాల మాదిగలు, కొండ మీద ఆదివాసులు. సైన్సు ఏ కులాన్నీ వెతకదు. కానీ వెతికిన చోటల్లా మన కులాలే దొరుకుతాయి. ఎందుకంటే ఊరి చివరకు మనల్ని తోసింది సైన్సు కంటే చాలా పాతది.

ఫుకుషిమా నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఇదే. 2011 మార్చిలో జపాన్‌లో ఆ ప్రమాదం జరిగినప్పుడు లక్షా యాభై వేల మందికి పైగా ఇళ్లు వదిలి పోయారు. రేడియేషన్ తగిలి చచ్చినవాళ్లకంటే, ఊరు వదిలి శిబిరాల వెంట తిరిగి, మందులందక, బెంగతో చచ్చినవాళ్లే ఎక్కువ. ఆ జిల్లాలో అలాంటి చావులు రెండు వేలు దాటాయి. అణు విద్యుత్ సమర్థకులు ఈ లెక్క చూపి "చూశారా, రేడియేషన్ చంపలేదు" అంటారు. మేం అదే లెక్క చూపి అడుగుతాం: ఊరు వదిలించడమే మనుషుల్ని చంపుతుందని మీరే ఒప్పుకున్నాక, ఏ ప్రమాదమూ జరగకుండానే మా ఊళ్లు ఎందుకు వదిలిస్తున్నారు? దానికి మీ లెక్కలో గడి ఎక్కడ?

పట్టా లేనివాడి లెక్క

భూమి తీసుకునే రోజున రెవెన్యూవాళ్లు ముందు అడిగేది పాసుపుస్తకం. పాసుపుస్తకం ఉన్నవాడికి ఎకరానికింత. లేనివాడికి దండం. ఊళ్లో పదెకరాల ఆసామి పరిహారంతో విజయనగరంలో మేడ కడతాడు. ఆయన పొలంలో పనిచేసిన పది కుటుంబాలు పునరావాస కాలనీలో గోడకి ఆనుకుని కూర్చుంటాయి. కాలనీ ఉంటుంది, కూలి ఉండదు. భూమి పోయినవాడు ఒకడు, పని పోయినవాళ్లు పదిమంది.

ఇలా జరగాలని చట్టం చెప్పలేదు. 2013 భూసేకరణ చట్టం తెరిచి చూడండి. మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు, నీళ్ల మీద బతికే జాలరి కూడా బాధిత కుటుంబమే. వాళ్లకీ పునరావాస హక్కు ఉంది. భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు ఏ ప్రాజెక్టులోనైనా పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది భూమిగానే ఇవ్వాలని రెండో షెడ్యూలులో రాసి ఉంది. డి-పట్టా భూమికి పరిహారం ఇవ్వక్కర్లేదు, ప్రభుత్వానిదే కదా అనే తహసీల్దారుకి చూపించడానికి 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఉంది. ప్రజా ప్రయోజనానికి అసైన్డు భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆ తీర్పు.

చట్టం పుస్తకంలో ఉంది, మనం వాడలో ఉన్నాం. మధ్యలో ఆఫీసు ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు సవరణల పేరుతో సామాజిక ప్రభావ అంచనాకి, జనం సమ్మతికి ఎక్కడికక్కడ చిల్లులు పొడిచాయి. చిల్లులు పడ్డా అది మన చేతిలో ఉన్న గొడ్డలే. పట్టుకోవడం నేర్చుకోవాలి.

ప్రాజెక్టు భూమి వెనక ఏం జరుగుతుందో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. లక్ష్మీపేటని తలుచుకోండి. మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకున్న భూముల్లో ముంపు రాకుండా మిగిలిన ఎకరాల్ని దళితులు సాగుచేసుకున్నారు. 2012 జూన్ 12న వాడ మీద పడి ఐదుగురి ప్రాణాలు తీశారు. చంపింది రిజర్వాయరు కాదు. కానీ ప్రాజెక్టు వచ్చి భూమి లెక్కలు కదిలించినప్పుడు, ఆ కదిలిన లెక్కలో దళితుడికి ఒక ఎకరం దక్కితే కూడా ఊరు ఓర్చుకోలేదు. ఇంజనీర్ల ప్రమాద అంచనాల్లో భూకంపం ఉంటుంది, సునామీ ఉంటుంది. కులం ఉండదు. మన ఊళ్లలో అన్నిటికంటే తరచుగా వచ్చే ప్రమాదం అదే.

లోపలికి పోయేది ఎవరు?

"మా కుర్రోళ్లకి ఉద్యోగాలొస్తాయంట కదా" అని అడుగుతున్నారు. ఆశ తప్పు కాదు. కానీ ఏ ఉద్యోగం, ఎవరి కింద?

ప్రభుత్వ రంగ అణు విద్యుత్ సంస్థలో రిజర్వేషన్లు ఉన్నాయి. అందువల్లే మనవాళ్లు కొందరైనా ఇంజనీర్లుగా, టెక్నీషియన్లుగా లోపల ఉన్నారు. వాళ్లని చూసి మనం గర్వపడుతున్నాం. ఇప్పుడు కొత్త చట్టం ప్రైవేటు కంపెనీలను పిలుస్తోంది. ప్రైవేటు ఉద్యోగంలో రాజ్యాంగ రిజర్వేషన్ లేదు. మొదటి తరం చదువుకున్న మన పిల్ల డిప్లొమా పట్టుకుని గేటు దగ్గరికి పోతే రోస్టరు లేదు, బ్యాక్‌లాగు లేదు, అడగడానికి కమిషన్ లేదు. ఉన్నది ఒక్కటే, మేస్త్రీ. మేస్త్రీ చేతిలో మనకెప్పుడూ ఖాళీ ఉండే పోస్టులున్నాయి: మోత, ఊడ్పు, గొయ్యి.

కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని 1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు' అనే పత్రంలో బాబాసాహెబ్ రాజ్యాంగ సభ ముందు పెట్టాడు. యురేనియం కంటే కీలకమైనది ఇంకేముంటుంది? ఆయన జయంతికి దండేసేవాళ్లే ఆయన రాతని చించి కంపెనీలకు ఇస్తున్నారు.

ఇంకో సంగతి. అణు కేంద్రంలో పనిచేసే మనిషికి ఏడాదిలో ఇంత రేడియేషన్ దాటకూడదని కొలత ఉంది. అయిదేళ్లలో కలిపి 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. కొలవడానికి బ్యాడ్జి ఇస్తారు. పర్మినెంటు ఉద్యోగి కొలత అతని సర్వీసంతా వెంట ఉంటుంది, జబ్బు చేస్తే ఆసుపత్రి ఉంటుంది. కాంట్రాక్టు కూలీ ఆర్నెల్లు పనిచేసి ఊరికి వచ్చేస్తాడు. పదేళ్లకి జబ్బు బయటపడితే ఆ కొలత కాగితం ఎవరి బీరువాలో ఉంటుంది? కూలీకి దాని నకలు చేతికిచ్చి, తెలుగులో చదివి చెప్పే రోజు రావాలి. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా కేంద్రంలో తాగునీటి కూలర్లో ట్రిటియం కలిసి 50 మందికి పైగా ఉద్యోగుల ఒంట్లోకి పోయింది. మూత్రపరీక్షలు క్రమంగా చేస్తున్నారు కాబట్టే అది బయటపడింది. పరీక్ష ఉంటే బయటపడుతుంది. పరీక్ష లేని మనిషికి ఏమైందో ఆ మనిషికే తెలియదు.

మలం గుంటల్లోకి ఎవర్ని దింపుతున్నారో ఈ దేశానికి తెలుసు. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసినా దింపుతూనే ఉన్నారు. అందుకే అడుగుతున్నాం: మురుగు గుంటకి కులం అంటగట్టిన సమాజం, రేడియేషన్ గదికి కులం అంటగట్టదని హామీ ఎవరిస్తారు?

తప్పు ఒకరిది, దండగ ఇంకొకరికి

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు పేదల బస్తీల మీద పడింది. 1989లో కంపెనీ 47 కోట్ల డాలర్లు కట్టి చేతులు కడుక్కుంది. అది ఐదు లక్షల మందికి పైగా బాధితులకు పంచారు. ఎక్కువమంది చేతికొచ్చింది ఇరవై అయిదు వేల రూపాయలు.

ఆ గాయం గుర్తుండబట్టే 2010లో అణు ప్రమాద బాధ్యత చట్టం చేసినప్పుడు ఒక మంచి పని చేశారు. యంత్రంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే, పరిహారం కట్టిన సంస్థ ఆ యంత్రం అమ్మిన కంపెనీ నుంచి డబ్బు రాబట్టుకోవచ్చని రాశారు. విదేశీ కంపెనీలకి ఇది గొంతులో ముల్లయింది. ఈ నిబంధన ఉంటే అమ్మం అన్నారు. పదిహేనేళ్లు పోరి 2025 డిసెంబరు చట్టంతో ఆ ముల్లు తీయించుకున్నారు. ఇక అమ్మినవాడు ఒప్పందంలో తానే రాసిస్తే తప్ప లోపానికి బాధ్యుడు కాడు. నడిపే కంపెనీకీ హద్దు గీశారు. ఎంత పెద్ద రియాక్టరైనా 3,000 కోట్ల రూపాయలే. ఫుకుషిమాలో ఇప్పటికి పంచిన పరిహారం మన డబ్బులో ఐదు లక్షల కోట్ల పైమాట. ఈ రెండు అంకెలూ పలక మీద పక్కపక్కన రాసి మీ పిల్లల్ని తీసివేత చెయ్యమనండి. మిగిలిన శేషం ఎవరి నెత్తిన పడుతుందో కూడా చెప్పమనండి.

సంతలో ఎద్దుని అమ్మినవాడు కూడా "పొడవదు, పడుకోదు" అని నలుగురిలో మాటిస్తాడు. రియాక్టరు అమ్మేవాడు మాటివ్వనంటే, దాని మీద వాడికే నమ్మకం లేదనుకోవాలా, మన ప్రాణం మీద విలువ లేదనుకోవాలా?

ఖర్చు సంగతీ చూద్దాం. కొవ్వాడలో పెడతామన్న రకం రియాక్టర్లే అమెరికాలో జార్జియా రాష్ట్రంలో రెండు కట్టారు. ఏడేళ్లు ఆలస్యమై 2023లో ఒకటి, 2024లో ఒకటి మొదలయ్యాయి. ఖర్చు మొదటి అంచనాకి రెట్టింపు దాటి 3,000 కోట్ల డాలర్ల పైకి పోయింది. పక్కనే దక్షిణ కరొలినాలో అవే రెండు రియాక్టర్లను వందల కోట్ల డాలర్లు పోశాక 2017లో మధ్యలో వదిలేశారు. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. గుజరాత్‌లో కాక్రపార్ దగ్గర మన ప్రభుత్వ సంస్థే 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్లు రెండు కట్టి నడుపుతోంది. ఇంట్లో వండుకున్న కూడు ఉండగా, దివాలా తీసిన హోటలు ముందు విస్తరేసుకుని కూర్చోమని మనకెందుకు చెప్తున్నారు?

అయితే ఏం చెయ్యాలి?

పెద్దమ్మకి ఇప్పుడు జవాబు చెప్తున్నాం. అమ్మా, అది మంచా చెడ్డా అని ముందే రాసిపెట్టి లేదు. దాన్ని మంచిగా చేసే షరతులున్నాయి. అవి లేకుండా వస్తే చెడ్డదే. షరతులు పెట్టే బలం మనకి ఉంటే మాట్లాడదాం. లేకపోతే బలం వచ్చేదాకా ఆపుదాం.

మన షరతులు ఇవీ:

ఒకటి. ప్రజాభిప్రాయ సేకరణ అంటే పోలీసు బందోబస్తు మధ్య రెండు గంటల తంతు కాదు. తెలుగులో నాలుగు పేజీల సారాంశం చాలదు. పర్యావరణ నివేదిక మొత్తం తెలుగులో వాడకి రావాలి. ఇష్టం లేని సంగతిని రహస్యమని దాచకూడదు.

రెండు. బాధితుల జాబితా కింద నుంచి రాయాలి. ముందు కూలీ, జాలరి, కౌలుదారు, ఒంటరి ఆడది. ఆఖర్న పదెకరాల ఆసామి. ఎస్సీ, ఎస్టీలకు భూమికి భూమే.

మూడు. ఒక్క ఇటుక పడకముందే చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ ఆరోగ్య పరీక్ష జరగాలి. బోరు నీళ్లు, చేప, మట్టి పరీక్ష కావాలి. కేంద్రం నడిపేవాళ్లు కాకుండా వేరేవాళ్లు చెయ్యాలి. రేపు జబ్బొస్తే "ముందు నుంచే ఉంది" అనే మాట చెల్లకూడదు.

నాలుగు. ప్రభుత్వ రంగంలోనే కట్టాలి. ప్రైవేటుకిస్తే రిజర్వేషన్ షరతుతోనే ఇవ్వాలి. కాంట్రాక్టు పనికీ అదే. ప్రతి కూలీ చేతిలో రేడియేషన్ పుస్తకం ఉండాలి.

అయిదు. యంత్రం అమ్మినవాడి బాధ్యత మళ్లీ చట్టంలో రాయాలి.

ఆరు. కేంద్రం పక్కన వాడలకి ఉచితంగా, కోత లేకుండా కరెంటు. దీపం కింద చీకటి ఉండడానికి వీల్లేదు.

ఇవి పెద్ద కోరికలని కొందరంటారు. రెండు వేల ఎకరాలు అడగడం చిన్న కోరికా?

సంఘాల మిత్రులకి ఒక మాట. 2011, 2012లో కూడంకుళం దగ్గర ఇడింతకరై జాలర్లు శాంతియుతంగా కూర్చుంటే వేలమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. వాళ్ల పోరాటానికి మనం దూరం నుంచి జేజేలు కొట్టాం గానీ, మన తీరంలో జాలరి పల్లెకీ మాలవాడకీ మధ్య ఉన్న గోడ పగలగొట్టలేదు. ఆ గోడ ఉన్నన్నాళ్లూ ఆర్డీవో వచ్చి జాలరికి ఒక ప్యాకేజీ, మాలకి ఒకటి, మాదిగకి ఇంకొకటి చూపించి ముగ్గుర్నీ మూడు క్యూల్లో నిలబెడతాడు. క్యూలు మూడయినప్పుడు గెలిచేది కౌంటరు అవతల ఉన్నవాడే.

వచ్చే గ్రామసభకి ఉత్త చేతులతో పోవద్దు. వాడలో చదువుకున్న ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి ఇంటింటి జాబితా ఇప్పుడే రాయించండి. ఎవరి కింద ఎన్నేళ్ల నుంచి పని చేస్తున్నారు, ఏ సర్వే నంబరులో, ఏ పడవ మీద. కాయితం లేనివాడి పేరు ముందు రాయండి. అధికారులు రాసే రోజుకి మన జాబితా మన చేతిలో సిద్ధంగా ఉండాలి.

మేం ఆదివారాలు వచ్చి రాసిపెడతాం. పిలవండి.

జై భీమ్!